మడమ దగ్గర చిరిగిన చీర

చీరలో ముందుగా పోయేది మడమ దగ్గరి అంచు. నడుస్తుంటే కాలి కింద పడుతుంది, గచ్చుకి రాసుకుంటుంది, పోగులు లేస్తాయి. తర్వాత కూర్చున్నప్పుడు ఒరుసుకునే చోట గుడ్డ పలచబడుతుంది. మూడోది భుజం మీద పిన్నీసు దిగే చోటు. అన్నిటికంటే చివరిదాకా కొత్తగా ఉండేది మొదట బొడ్డు దగ్గర దోపుకునే లోపలి చెంగు. దానికి ఎండ సోకదు, రాపిడి తగలదు. ఏళ్ళ తరబడి కట్టిన నేతచీరలో కూడా ఆ గజం ముక్క కొన్ననాటి రంగుతోనే ఉంటుంది.

మన ఇళ్ళల్లో పాతబట్టల పనంతా ఈ లెక్క మీదే నడిచేది. సూదిలో దారం ఎక్కించడం అందరికీ వచ్చు. ఏ ముక్కలో ఇంకా ప్రాణం ఉంది, ఏది అయిపోయింది అని కత్తెర పెట్టకముందే చెప్పగలగడం మాత్రం ఇంటికొకరికే వచ్చేది.

ఫాల్ రాకముందు, రెండంచులూ ఒకేలా ఉన్న నూలుచీరని ఇవాళ ఒక అంచు కిందికి, రేపు రెండోది కిందికి వచ్చేలా తిప్పి కట్టేవారు. అరుగుదల రెండు వైపులా పడేది. ఫాల్ వచ్చాక ఆ తిప్పుడు పోయింది. అంచుని అది కాపాడుతుంది, నిజమే. కానీ నూలు ఫాల్‌ని రాత్రంతా నీళ్ళల్లో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. ఆ తొందరలో నేరుగా కుట్టేస్తే మొదటి ఉతుకులోనే అది కుదించుకుని అంచుని ముడతలు ముడతలుగా లాగేస్తుంది. ఫాల్ విప్పి మళ్ళీ కుట్టడం తప్ప దానికి మందు లేదు.

పాత చీర పెట్టెలోంచి బయటికి తీసిన రోజు ఇద్దరు చెరో కొసా పట్టుకుని వీధి గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా నిలబడేవారు. జల్లెడలోంచి వచ్చినట్టు వెలుతురు వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత. తర్వాత లాగి చూడటం. రెండు బొటనవేళ్ళూ అంగుళం ఎడంలో పెట్టి పడుగువైపు ఒకసారి, పేకవైపు ఒకసారి మెల్లగా లాగాలి. బతికున్న గుడ్డ కాస్త సాగి వెనక్కి వస్తుంది. పోయిన గుడ్డ చిటచిటమంటుంది. ఆ చప్పుడు వినిపించాక పైకి ఎంత మెరిసినా దాన్ని ఏ కుట్టూ ఆపలేదు.

మాసికకి గుడ్డ కావాలంటే అదే చీర లోపలి చెంగులోంచి తీసేవారు, బజారు నుంచి కొత్తది తెచ్చేవారు కాదు. కొత్త గుడ్డ బిరుసు, పైగా ఉతికితే కుదించుకుంటుంది. చుట్టూ ఉన్న పాత గుడ్డకి ఆ లాగుడు ఓర్చుకునే శక్తి ఉండదు, మాసిక చుట్టూరా కొత్త చిరుగు పుడుతుంది. చిల్లు ఎంత ఉంటే అంతే మాసిక వేసినా ఇదే గతి. చిల్లు అంచు నుంచి అన్ని వైపులా అంగుళమైనా దాటి, గట్టి గుడ్డ దాకా పోవాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, కోసుగా వదిలేస్తే ముందు అక్కడే లేస్తుంది. లోపలి చెంగు ముక్క రంగు మరీ కొత్తగా కనిపిస్తే మిద్దె మీద నాలుగు ఎండలు చూపించి అప్పుడు అతికేవారు.

మగవాళ్ళ బట్టల సంగతి చిన్నది. చొక్కాకి కాలర్ మెడ దగ్గర అరిగితే దర్జీ దాన్ని పట్టీ నుంచి విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్ళీ అదే పట్టీలో బిగించేవాడు. చొక్కా ఇంకో రెండేళ్ళు నడిచేది. ప్యాంటుకి నిప్పురవ్వ పడితే రఫూ. లోపలి మడతలోంచి అదే గుడ్డ పోగులు లాగి, చిల్లు చుట్టూ అర అంగుళం దాటించి ముందు నిలువు పోగులన్నీ వెయ్యాలి, తర్వాత అడ్డం పోగుని ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి నేసినట్టు దాటించాలి. పోగు బిగించి లాగారో, మధ్యలో గుంట పడుతుంది.

తెల్ల పంచె అయితే అరిగేకొద్దీ విలువ పెరిగేది. ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి, ఇడ్లీ పళ్ళెంలో పరచడానికి, చివరికి దీపం వత్తులకి అన్నిటికీ అదే. వడియాలు పెట్టడానికి కొత్తగుడ్డ పనికిరాదు. దాని మీది గంజికి, నూగుకి పిండి పట్టేసుకుంటుంది. ఏళ్ళు ఉతికిన పంచె మీద పెడితే, ఎండాక గుడ్డ తిరగేసి వెనక నీళ్ళు చిలకరించగానే వడియం చేతిలోకి ఊడి వస్తుంది. పుట్టిన బిడ్డకి పొత్తిగుడ్డలు కూడా పాతవే. అందులో పెద్దవాళ్ళ బట్ట అన్న మమకారంతో పాటు నూలు లెక్క కూడా ఉంది. అన్ని ఉతుకులు పడ్డ గుడ్డలో గంజి మిగలదు, ఊడే రంగు ముందే ఊడిపోయి ఉంటుంది, తడిని ఇట్టే పీల్చుకుంటుంది.

పట్టుచీర దగ్గరికి వస్తే లెక్క మారిపోతుంది. పట్టు ఒరుసుకుని పోవడం కంటే మడత దగ్గర తెగడం ఎక్కువ. ఒకే మడతలో ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటే జరీ బరువంతా ఆ గీత మీద పడుతుంది, ఒకరోజు తీసేసరికి గీత పొడుగునా విచ్చిపోయి ఉంటుంది. మూడు నెలలకోసారి మడత మార్చి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత పంచెలో చుట్టి పెట్టమనేది అందుకే. చీర మధ్యగుడ్డ పోయినా అంచులూ కొంగూ బాగుంటాయి. అక్కడి నుంచి మొదలయ్యేది పిల్లల పట్టుపావడా.

దాని కొలత చాలా ఇళ్ళల్లో ఇలా ఉండేది. చీర పన్నా సుమారు 46 అంగుళాలు. అయిదేళ్ళ పిల్లకి పావడా పొడుగు 24 అనుకుందాం. పైన నడుం దగ్గరి మడతకి 2. టక్కులకి 4. మొత్తం 30 అంగుళాలు. మిగిలిన 16 అంగుళాల పట్టీలో చీర రెండో అంచు ఉంటుంది, అది జాకెట్టుకి పోతుంది, అంచు చేతుల మీదికి వస్తుంది. చీర పొడవు వైపు నుంచి రెండున్నర గజాలు తీసుకుంటే చుట్టుకొలతకి ధారాళంగా సరిపోతుంది. ఆ రెండున్నర గజాలు చీరలో ఎక్కడి నుంచి తియ్యాలన్నది గుమ్మంలో వెలుతురు చెప్పేది.

టక్కుల విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. అంగుళం లోతు టక్కు రెండంగుళాల గుడ్డ తింటుంది, కాబట్టి 4 అంగుళాలంటే రెండే టక్కులు. వాటిని అంచుకి సరిగ్గా పైన వెయ్యాలి. పిల్ల ఎదిగేకొద్దీ ఏటా ఒకటి విప్పితే పావడా మూడేళ్ళు వచ్చేది. విప్పినచోట రెండు రకాల ఆనవాళ్ళు మిగులుతాయి. మడత లోపల ఎండ సోకని గుడ్డ ముదురు రంగులో పట్టీలా కనబడుతుంది. సూది బెజ్జాలు వరసగా కనబడతాయి, నూలులోలాగా పట్టులో అవి పూడుకోవు. అందుకని టక్కులకి మిషను కుట్టు వెయ్యకుండా సన్నసూదితో చేత్తో వేసేవారు. ముదురు పట్టీకి మాత్రం చెయ్యగలిగింది లేదు. ఏ పిల్ల పావడా చూసినా ఎన్నేళ్ళదో చెట్టు వయసు చెప్పినట్టు చెప్పెయ్యొచ్చు.

పాత పట్టుకి లైనింగు తప్పనిసరి. పాత నూలుచీర ముక్క అయితే మంచిది. జాకెట్టుకి లైనింగుని పట్టుకంటే ఛాతీ దగ్గర అర అంగుళం బిగువుగా కత్తిరించాలి. చెయ్యెత్తినప్పుడు వచ్చే లాగుడు లైనింగు మీద పడుతుంది, పట్టు పైన ఊరికే కూర్చుంటుంది. రెండూ ఒకే కొలతైతే చంకలో మొదటి పేరంటానికే పిగులుతుంది. నడుం పట్టీ కూడా పట్టుతో వద్దు, నాడా బిగింపుకి అది నిలవదు. ఈమధ్య పాత పట్టుకి వెనక ఫ్యూజింగు గుడ్డ పెట్టి ఇస్త్రీతో అతికించేస్తున్నారు. చూడటానికి ఆ పూటకి నున్నగా ఉంటుంది. నాలుగు ఉతుకులకి బుడగలు లేస్తాయి, విప్పుదామంటే జిగురుతో పాటు పట్టు కూడా ఊడొస్తుంది. చేత్తో టాకాలు వేస్తే రేపు ఇంకొకరు విప్పుకోగలరు.

వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం, జరీచీరలు కొంటాం" అన్న కేక గుర్తున్నవాళ్ళు ఇంకా చాలామందే. ఇంకొందరు స్టీలు సామాన్ల గంపతో వచ్చి పాతబట్టలకి గిన్నెలిచ్చేవారు. జరీచీర కొనేవాళ్ళు చీర రంగు చూడరు, అంచుని మాత్రం చేతిలో బరువు తూచినట్టు ఎగరేసి చూస్తారు. పాత అసలు జరీ అంటే పట్టుదారం మీద సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. చీరని కాల్చి, బూడిదలోంచి వెండి కరిగిస్తారు. బదులుగా వచ్చిన ఆ స్టీలు గిన్నె ఇంట్లో ఇంకా ఉండి ఉండొచ్చు గానీ, చాలాసార్లు ఆ బేరంలో మోసపోయింది మనమే.

ఇవ్వాలా వద్దా తేల్చుకునే ముందు వెనక వైపు నుంచి ఒక్క జరీపోగు లాగి గోటితో గీకి చూడాలి. లోపల ఎర్ర పట్టుదారం కనిపిస్తే అసలుదని ఆశపడొచ్చు. కానీ ఎరుపొక్కటే చూసి నమ్మకూడదు, నకిలీ జరీలో కూడా దారానికి ఎర్ర రంగు వేస్తారు. కంసాలి గీటురాయి మీద రాస్తే తేలిపోతుంది. తెల్లగా గీత పడితే వెండి, ఎర్రగా పడితే రాగి. అగ్గిపుల్లకి చూపిస్తే ముడుచుకుని గట్టి పూసలా అయితే అది ప్లాస్టిక్ జరీ. అలాంటి అంచుకి వేడి ఇస్త్రీ తగిలిందంటే క్షణంలో ముడుచుకుపోతుంది, కొత్త బట్టకి వేసేటప్పుడు మధ్యలో నూలుగుడ్డ వేసే ఇస్త్రీ చెయ్యాలి. విప్పిన అంచుని కొత్త చీరకి వెయ్యాలంటే చేత్తోనే, జరీ పక్క నుంచి కుట్టాలి. సూది జరీలోంచి పోతే తీగ తెగి ముళ్ళలా లేస్తుంది.

దిండు గలీబుల మీద ఎదురెదురుగా చిలకలు, గులాబీ కొమ్మ, కింద "స్వీట్ డ్రీమ్స్" అని కాడకుట్టుతో రాత. తలనూనెకి మధ్యగుడ్డ పోయేది, మూలలో పువ్వు చెక్కుచెదిరేది కాదు. ఆ పువ్వుని కాపాడాలంటే ముందు రంగు ఊడుతుందో లేదో చూడాలి. తడిపిన తెల్లగుడ్డని దారం మీద బొటనవేలితో అరనిమిషం నొక్కాలి. ఎరుపు, నలుపు దారాలతోనే భయం. ఊడదనుకుంటే చన్నీళ్ళల్లో కుంకుడురసం వేసి, నానబెట్టకుండా, పిండకుండా ముంచి తియ్యాలి. తువ్వాల్లో చుట్టి తడి అద్ది, నీడలో పరిచి ఆరెయ్యాలి. ట్రంకుపెట్టె తుప్పు మరక తెల్ల నూలు మీద ఉంటే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో పెడితే పోతుంది. పట్టు మీదా జరీ మీదా ఆ వైద్యం చెయ్యకండి. ఇస్త్రీ ఎప్పుడూ కుట్టు కిందికి, మందపాటి తువ్వాలు మీద. పైనుంచి చేస్తే పువ్వు అప్పడంలా అణిగిపోతుంది.

పువ్వు చుట్టూ కత్తిరించే ముందు వెనక పలచటి నూలుగుడ్డ టాకాలు వేసి, ముప్పావు అంగుళమైనా వదలాలి. గొలుసుకుట్టు దగ్గర ఇంకా జాగ్రత్త. దాని చివరి ముడి తెగితే మొత్తం జర్రున ఊడొస్తుంది. మగ్గం వర్కులో ఆరీ సూదితో వేసేది కూడా గొలుసుకుట్టే. పట్టని పెళ్ళి జాకెట్టు మెడ భాగాన్ని కొత్త జాకెట్టుకి మారుద్దామని కత్తెర పెట్టి, వర్కంతా రాల్చుకున్నవాళ్ళు ఎందరో. గీత గీసి, ఆ గీతకి లోపల వెనకవైపు నుంచి చేత్తో దగ్గర దగ్గర కుట్టు వేసి, అప్పుడు కొయ్యాలి. కుట్టు వెళ్ళే దారిలో అర అంగుళం మేర పూసలు, కుందన్లు ముందే తీసెయ్యాలి, లేకపోతే మిషను సూది విరుగుతుంది.

గలీబుల అంచుకి ఉండే లేసు వేరే తరహా. నర్సాపురం చుట్టుపక్కల గోదావరి ఊళ్ళల్లో 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా మొదలైన క్రోషే పని అది, 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ లేసు మూడు గలీబుల్ని చూస్తుంది. విప్పి కొత్తగుడ్డకి వేసేటప్పుడు గుడ్డని ముందు రెండుసార్లు ఉతకాలి. లేసు ఎప్పుడో కుదించుకుని కూర్చుంది, గుడ్డ ఇంకా కుదించుకోవాల్సి ఉంది.

లంబాడీల అద్దాల పని ముక్కలు చేతికి వస్తే తొందరపడొద్దు. అద్దానికి బెజ్జం ఉండదు. ముందు అడ్డం పోగులు రెండు, నిలువు పోగులు రెండు వేసి కట్టులా బిగించి, ఆ కట్టుని పట్టుకుని చుట్టూ కుట్టు తిప్పుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ గాజు అంచే ఆ పోగుల్ని కోస్తుంది. అద్దం కదులుతోందంటే ఒక పోగు తెగిందని అర్థం. పాత కుట్టు విప్పకుండా, పైనుంచి రెండుపేటల నూలుదారంతో మళ్ళీ నాలుగు పోగులు వేసి చుట్టూ తిప్పాలి. నీళ్ళల్లో ముంచితే వెనక కళాయి పోతుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గవ్వలు, నాణేలు, పూసల బరువుకి పాతగుడ్డ దిగజారుతుంది గనక ముక్క వెనక దళసరి ఖద్దరు వెయ్యాలి. సంచికి కుట్టేటప్పుడు చేత్తో, అద్దాల మధ్య సందుల్లోంచే పోవాలి. మిషను పాదం కింద అద్దం పగులుతుంది. నిండుగా, చిరగకుండా ఉన్న ఫేటియా అనే లంగానో కాంచళి అనే రవికనో మాత్రం ముక్కలు చెయ్యడం అన్యాయం. అది కట్టుకునే బట్ట, సంచుల దుకాణానికి ముడిసరుకు కాదు.

ఇక బొంత. "గంతకు తగ్గ బొంత" అని సామెతలో చిన్నచూపు చూశాం గానీ, పాతబట్టల పనుల్లో ఇంత లెక్క ఉన్నది ఇంకోటి లేదు. ఆరు గజాల చీరని మూడు మడతలు వేస్తే రెండు గజాల పొడవు, గజం పావు పన్నా. సరిగ్గా ఒక మనిషి కొలత. నాలుగు గజాల పంచెని రెండు మడతలు వేస్తే అదే పొడవు. చీర మడతల మధ్య పంచె పెడితే అయిదు పొరలు. చలికాలానికి ఇంకో పంచె వేసి ఏడు చేస్తారు. ఏడు దాటితే చేతిసూది దిగదు, వేళ్ళు పుండ్లవుతాయి.

ముందు అన్నీ రాత్రంతా నానేసి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి మిగిలితే బొద్దింకలు చేరతాయి, ఎలుకలు కొరుకుతాయి. లోపల పెట్టేవాటికి అంచులు, ఫాల్ తీసెయ్యాలి, లేకపోతే పడుకున్నప్పుడు వీపుకి గట్టులా తగులుతుంది. చిల్లులున్న గుడ్డలు లోపలికి వాడొచ్చు గానీ ఒకదాని చిల్లు మీద ఇంకోదాని చిల్లు రాకూడదు. నైలాను, పాలిస్టరు చీర లోపల పెట్టకూడదు. అది జారుతుంది, ఆరు నెలలకి పొరలన్నీ ఒక మూలకి చేరి మూటవుతాయి.

వసారాలో చాప మీద పరిచి, నాలుగు మూలలా రోకలో రుబ్బుడు పొత్రమో బరువు పెట్టి, అరచేతులతో మధ్య నుంచి అంచులవైపు సవరించాలి. టాకాలు కూడా మధ్యలో మొదలుపెట్టి, జానెడు జానెడు ఎడంలో బయటికి వేసుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలెడితే వదులు గుడ్డంతా మధ్యకి చేరి బుడగలా నిలబడుతుంది, అది ఇక పోదు. తర్వాత ఇద్దరు చెరోవైపు కూర్చుని వరసలు. వరసకీ వరసకీ అంగుళంన్నర. కుట్టు పైకి బియ్యపుగింజంత కనబడాలి. ఆ లెక్కన పన్నాకి 30 వరసలు, వరస రెండు గజాలు, రెండుపేటల దారంతో కుడితే 120 గజాలకి పైనే దారం పోతుంది. దారం ఒకసారికి మూరన్నర మించి ఎక్కించకూడదు, పొడుగైతే మెలికలు పడి పీచు లేస్తుంది. ముందు మైనం మీద లాగితే పొరల్లోంచి నున్నగా పోతుంది. గోనెసంచుల దబ్బనం వాడితే తొందరగా అవుతుందనుకుంటారు. అది వదిలే బెజ్జం దగ్గరే పాతగుడ్డ చిరగడం మొదలెడుతుంది.

బిగువు చేతిలో ఉండాలి. మరీ లాగితే బొంత ముడుచుకుని కొలత తగ్గుతుంది. వదులైతే మెట్టెలు, పట్టీలు దారానికి తగులుకుని తెంపుతాయి. వరస అయిపోగానే దాని పొడుగునా బొటనవేలి గోరు నడిపితే దారం సర్దుకుంటుంది. చివర చుట్టూ మరో చీర అంచుని మూడంగుళాల వెడల్పున మడిచి గోటు వేస్తారు, బొంతలో ముందుగా చిరిగేది అంచే గనక గట్టిగుడ్డ అక్కడే కావాలి. తలవైపు మాత్రం మెత్తటి గుడ్డ ఒకటి పెద్ద పెద్ద టాకాలతో విడిగా వేసేవారు. నూనె పట్టేది అక్కడే కాబట్టి ఆ ముక్క ఒక్కటీ విప్పి ఉతుక్కోవచ్చు.

బొంత పాతబడితే విప్పరు. పైన ఇంకో చీర పరిచి మళ్ళీ వరసలు వేస్తారు. ఈసారి వరసల మధ్య రెండంగుళాలు చాలు, కింద పాత కుట్లు ఉన్నాయి గనక. అలా పెరిగిన బొంతల మూల విప్పి చూస్తే లోపల ఎవరి చీరల రంగులో, ఎవరి పంచెల అంచులో పొరలు పొరలుగా కనబడతాయి. వాటిని ఉతకడం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఎండాకాలంలో, తెల్లవారుజామునే, ఇద్దరు చెరోవైపు పట్టి పిండాలి, అదీ పొడవువైపే. అడ్డంగా మెలిపెడితే కుట్లు తెగుతాయి. ఒంటి తీగ మీద వేస్తే బరువుకి మధ్యలో సాగిపోతుంది, రెండు తీగల మీద పందిరిలా పరచాలి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి తిరగెయ్యాలి. పైపొర ఎండిందని మడిచి పెట్టేస్తే లోపల బూజు పడుతుంది. చేత్తో తాకి తెలుసుకోవడం కష్టం, ఎండకి వేడెక్కిన గుడ్డ చేతిని మోసం చేస్తుంది. అందుకని పొద్దుగూకాక, వేడి తగ్గాక, చెంపకి ఆనించి చూసేవారు. చల్లగా తగిలితే మర్నాడు ఇంకో ఎండ.